కుమ్మరి రేవు

మొన్న సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో వాన పట్టుకుంది. హైదరాబాదు వాన సంగతి తెలిసిందే కదా. కాసేపు గట్టిగా కొడితే చాలు, రోడ్డు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. మెట్రో కోసం లేపిన స్తంభాల కింద తలదాచుకున్న గుంపులో నేనూ ఒకణ్ణి. నా పక్కన ఒకాయన ఫోనులో ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నాడు. "చౌరస్తా ఏడున్నది, నది లెక్కున్నది. గింత వెడల్పు" అని ఖాళీగా ఉన్న చెయ్యి బారుగా చాపాడు, అవతలివాళ్ళకు కనిపిస్తుందన్నట్టు.

"ఏ కాలంలో?" అన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగింది. అడిగితే నన్ను పిచ్చివాడనుకునేవాడు. అయినా ఆ ప్రశ్న నాది కాదు. దాన్ని ఎప్పుడూ అడిగే మనిషి పోయి అప్పటికి వారం దాటింది.

నాచారంలో మేము అద్దెకుంటున్న ఇల్లు ఆవిడది. కింద ఆవిడ, పైన మేము. ఆఫీసులో కూడా ఆవిడ నాకు పెద్ద. నదుల పటాలు, పాత కొలతలు దాచిపెట్టే ప్రభుత్వ కార్యాలయం మాది. రికార్డుల గదిలో నేను గుమాస్తాని, ట్రేసింగ్ హాల్లో ఆవిడ ట్రేసరు. పాత పటం మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, కింద కనిపించే గీతను సిరాతో పైకి ఎత్తడం ఆవిడ పని. కాగితం పొడైపోయేలోగా నదిని ఆ గుడ్డ మీదికి దించుకోవాలి. వీధిలో అందరూ ఆవిడని నక్షల మేడం అనేవారు. నేను అక్కా అనేవాణ్ణి.

ఎప్పుడో తెల్లదొరల కాలంలో గోదావరి మీద పడవలు, పొగ ఓడలు నడిపించాలని నదిని పొడవునా కొలిపించారు. పత్తి ఎక్కడ ఎక్కించాలి, టేకు దుంగల తెప్పలు ఎక్కడ ఆగాలి, రాళ్ళు ఎక్కడున్నాయి, పడవ ఎక్కడ కట్టుకోవచ్చు, అన్నీ రాయించారు. తర్వాత రైలు వచ్చింది. పడవదారిని అందరూ మరిచిపోయారు. కొలతలు మాత్రం మా ఆఫీసులో కట్టలు కట్టలుగా మిగిలాయి. వాటిలో నది వెడల్పు ఎక్కడ రాసినా రెండు అంకెలుండేవి. పైన ఎండాకాలపు వెడల్పు, దాని కింద వరద వెడల్పు. ఏళ్ళ తరబడి ఆ రెండు అంకెల మధ్యే బతికిన మనిషి కాబట్టి ఆవిడకు ఒక అలవాటు పట్టుకుంది. ఏది ఎంత వెడల్పు అని ఎవరడిగినా "ఏ కాలంల?" అనేవారు.

మా ఆవిడ వంటింట్లో చెక్క అల్మరా చేయించుకుందామని గోడ వెడల్పు అడిగితే అదే ప్రశ్న. గోడకు కాలమేమిటని మా ఆవిడ నవ్వింది. అక్క నవ్వలేదు. ఎండల్లో గోడ అంతే ఉంటుందిగానీ వానలకు చెక్క ఉబ్బుతుందని, జర జాగ ఇడిశిపెట్టి చేయించమని చెప్పారు. మేము వినలేదు. ఇప్పటికీ శ్రావణమాసం వస్తే ఆ అల్మరా తలుపు తెరవడానికి ఇద్దరం పట్టుకుని లాగాలి.

మనుషుల్ని కూడా ఆవిడ అలాగే కొలిచేవారు. మా హెడ్డు గుమాస్తా మండిపడుతున్నప్పుడు నేను సెలవు చీటీ పట్టుకుని బయలుదేరితే, చెయ్యి అడ్డం పెట్టి "గిప్పుడు వరదల ఉన్నడు, పొద్దుమీకి పో" అనేవారు. నిజంగానే సాయంత్రానికి ఆయన ఇసుకపర్రలా చల్లబడి ఉండేవాడు.

ఆవిడ ప్రయాణాల సంగతి మొదట మా ఆవిడకే తెలిసింది. మేము ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చి ఆ ఇంట్లో దిగిన కొత్త. ఒక శనివారం సాయంత్రం అక్క మెట్ల మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళంతా నొప్పులని, ఈ వారం భద్రాచలం దాటి పోయానని అన్నారట. మా ఆవిడ నమ్మింది. పై వారం, అక్కడ రాళ్ళు మస్తుగా ఉన్నాయని, ముందుకు పోనివ్వలేదని అన్నారట. పాపం బస్సు చెడిపోయిందేమోనని మా ఆవిడ జాలిపడింది. బస్సెక్కడిది, నీళ్ళ మీదనే పోయిన అని అక్క జవాబు. ఇక అనుమానం ఎందుకుంటుంది? రాజమండ్రి దగ్గరపడ్డానని అక్క చెప్పిన రోజున, వస్తూ వస్తూ కాస్త మామిడి తాండ్ర తెచ్చిపెట్టమని అడిగేసింది.

ఆ శనివారం నేను ఇంటికొచ్చేసరికి బల్ల మీద తాండ్ర పొట్లం ఉంది. హబ్సిగూడ మిఠాయి దుకాణం ముద్ర దాని మీద అలాగే ఉంది. ఆవిడ తిరిగేది బల్ల మీద, గుడ్డ మీద, కలంతో అని నేను చెప్పాక మా ఆవిడ సిగ్గుతో కొన్నాళ్ళు కిందికి దిగలేదు. అక్క తానే పైకి వచ్చి తాండ్ర ఎలా ఉందని అడిగి, పడవలో జర మెత్తబడిందని కూడా అన్నారు. ముఖంలో నవ్వు జాడ లేదు.

ఆవిడ వస్తుంటే ముందు పౌడరు వాసన వచ్చేది. నాచారంలో గాలి ఎటు వీస్తే అటు ఫ్యాక్టరీ వాసన. ఒకపూట మసాలా, ఒకపూట రబ్బరు. వాటన్నిటి మధ్యనుంచి ఆ పౌడరు వాసన గుర్తుపట్టేవాళ్ళం. ముఖానికి మాత్రం ఎప్పుడూ రాసుకోగా చూడలేదు. మైనపు గుడ్డ మీద సిరా జారకుండా పట్టాలంటే ముందు పౌడరు చల్లి అరచేత్తో మెల్లగా రుద్దాలి. ఆ తర్వాతే కలం పెట్టాలి. కిరాణా కొట్టులో ఆవిడ డబ్బాల మీద డబ్బాలు కొంటుంటే, ఈ వయసులో ఇంత సోకేమిటని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. గోదారికి రాస్తున్నానని ఆవిడ అనేవారు. ఆ మాటకు వాళ్ళు ఇంకా నవ్వేవారు.

ఇంత చేసీ ఆవిడ గోదావరిని చూడలేదు. వాళ్ళది భువనగిరి దిక్కు ఒక ఊరు. అక్కడ ఒక వాగుండేది, వానలకు వచ్చి వానలతో పోయేది. పడవ అన్నది ఆవిడ ఎక్కలేదు సరికదా, దగ్గరగా చూసిందీ లేదు. నేను కాలవ గట్టున పుట్టినవాణ్ణి కాబట్టి నన్ను పట్టుకుని అడిగేవారు. చిన్నప్పుడు మా ఊరి కాలవలో ఉప్పు, ఇటుకలు, కలప వేసుకుని పడవలు పోయేవి. గాలి లేని రోజున ఇద్దరు మనుషులు భుజాన తాడేసుకుని గట్టుమీద నడుస్తూ పడవను లాగేవారు. ఇది చెప్పగానే ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు చూశారు. చూశారు అనే అంటాను, వేరే మాట లేదు. తర్వాత, గట్టు మీద చెట్టు అడ్డమొస్తే ఆ తాడు ఎలా దాటిస్తారని అడిగారు. నేనెప్పుడూ గమనించలేదు. తెలియదనడానికి నామోషీ వేసి, చెట్టు చుట్టూ తిప్పి తీసుకుపోతారని చెప్పాను.

"గట్లయితే పడవను చెట్టుకే కట్టేసినట్టయితది గద తమ్మీ" అన్నారు.

ఆదివారాలు మేము ఉప్పల్ కూరగాయల బజారుకు కలిసి వెళ్ళేవాళ్ళం. ఒక్కోసారి వానలు మొదలైన రోజుల్లో ఆవిడ సంచి నా చేతికిచ్చి, నాగోల్ వంతెన దాకా పోదాం పద అనేవారు. వంతెన మీద ముక్కు మూసుకోకుండా నిలబడే మనిషిని నేను ఆవిడనే చూశాను. కింద మూసీ నురగలు కక్కుకుంటూ, ఒడ్డున గేదెలకోసం పెంచే పచ్చగడ్డి మధ్యనుంచి పారుతుండేది. ఆవిడ ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు తల మెల్లగా తిప్పేవారు, బట్టలకొట్టులో పంచె కొలిచినట్టు. ఇది కూడా నదేనని, పేరు పోయిందిగాని వెడల్పు పోలేదని అనేవారు. నాకు ఆ కంపులో ఏ నదీ కనిపించేది కాదు. కానీ ఆవిడ పక్కన నిలబడితే కాసేపటికి నీళ్ళమీద ఎక్కడో గడకర్ర దిగిన చప్పుడు వినిపించినట్టుండేది. ఏం చేస్తాం, సహవాస దోషం.

చాలాసార్లు పిలిచాను. మా ఊరు రండి, రాజమండ్రిలో లాంచీ ఎక్కిస్తాను, మీరు గీసిన దారిలోనే తీసుకెళ్తాను అని. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం చెప్పేవారు. ఒకసారి గట్టిగా పట్టుబడితే, నేను గీసిన నది ఒకటి, నువ్వు చూపించే నది ఒకటి అయితే నేను ఏ మొఖం పెట్టుకుని చూడాలని విసుక్కున్నారు. అది వినయమనుకున్నాను. కాదని చాలా ఏళ్ళకుగానీ తెలియలేదు.

ఆవిడ ఉద్యోగం నుంచి దిగిపోయాక కళ్ళలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నా పాత చూపు రాలేదు. అయినా రోజూ సాయంత్రం నేను గేటు తీయగానే, ఆఫీసులో నది ఎట్లున్నదని అడిగేవారు. బాగానే ఉందక్కా అనేవాణ్ణి, ఇంట్లో మనిషి సంగతి చెప్పినట్టు.

రాష్ట్రం విడిపోవడం ఖాయమైన వేసవి అది. మా వీధిలో సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళం, సగం మంది తెలంగాణ జిల్లాలవాళ్ళు. టీ కొట్టు దగ్గర మాటలు పెరిగేవి, మళ్ళీ అదే టీతో చల్లారేవి. నేను అటు వెళ్తానో ఇక్కడే ఉంటానో నాకే తెలియదు. ఇంట్లో మాత్రం మా ఆవిడ చేపల పులుసు కిందికి దిగుతూనే ఉంది, అక్క చేసిన సర్వపిండి పైకి వస్తూనే ఉంది. ఆఫీసులో పటాలన్నిటినీ యంత్రం కింద పెట్టి ఫోటోలు తీయించి, ఆ తర్వాత రెండు వాటాలు వేయమని ఉత్తర్వు వచ్చింది. కట్టలు విప్పి యంత్రానికి అందించే పని నాది. ఆ కబురు నేను సాయంత్రం మెట్ల మీద టీ తాగుతూ ఆవిడకు చెప్పాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. గోదారి పడవదారి కట్ట కూడానా అని అడిగారు. అన్నీ అన్నాను. మిషినుకు ఎక్కింది ఇక మారదా అని అడిగారు. ఇకమీదట ఎవరైనా చూసేది దాన్నేనని, అసలు గుడ్డ ముట్టుకునే పనే ఉండదని గొప్పగా చెప్పాను. టీ మీద మీగడ కట్టింది. ఆవిడ దాని వంకే చూస్తున్నారు.

"నాతోని ఒక రేవు మునిగింది తమ్మీ" అన్నారు చివరికి.

అప్పుడు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్త. పడవదారి పటాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే నది తెగకుండా సాగాలి. ఒకచోట మాత్రం రెండు షీట్ల అంచులు కలవలేదు. అంకెలు రెండు కాలాలవి రాసినా, గీసిన ఒడ్డు కొలిచిన కాలానిదే. ఇటు షీటు ఎండాకాలంలో కొలిచారు, నది సన్నగా ఉంది. అటు షీటు వానల తర్వాత కొలిచారు, నది ఉబ్బి ఉంది. కొలిచినవాళ్ళిద్దరిదీ తప్పు లేదు. అంచు దగ్గర నది మెట్టులా తెగిపోయి కనిపిస్తోంది. తెగిన నది మీద పెద్దసారు సంతకం పెట్టడని, ఎట్లోగట్ల కలిపెయ్యమని అప్పటి హెడ్డు చెప్పాడు. అక్క సన్న నదిని అంచు దగ్గరికి వచ్చేసరికి మెల్లగా వెడల్పు చేసి, అటు నదిలో కలిపేశారు. వంపు చాలా అందంగా వచ్చింది. హాలంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

ఆ సన్న నది ఒడ్డున, సరిగ్గా అంచు దగ్గర, ఇసుకలో ఒక రేవు గుర్తు ఉంది. పక్కన పాత చేతిరాతలో కుమ్మరి రేవు అని ఉంది. కుండలు పడవకెక్కించే చోటు అయ్యుంటుంది. నది వెడల్పయ్యేసరికి ఆ గుర్తు నీళ్ళలో పడింది. నీళ్ళ నడుమ రేవేమిటి అన్నాడు హెడ్డు, తీసేయమన్నాడు. తీసేశారు. తర్వాత అసలు కాగితానికి చెదలు పట్టి పిండి పిండి అయిపోయింది. ఈవిడ గుడ్డ తప్ప ఆ చోటుకు ఇంకో సాక్ష్యం లేదు.

"కలల వస్తరు తమ్మీ. రేవు కాడ నిలవడి ఉంటరు. నెత్తిమీద కుండలు. పడవ రాదు. ఎట్లొస్తది, పడవోనికి ఆడ రేవున్నదని తెల్వదు గద. కుండలు దించమంటే దించరు. గట్లనే నిలవడ్డరు ఇన్నేండ్ల సంది."

అది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు. బస్టాపులో ఎవరో తెలిసినవాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారని చెప్పినట్టు చెప్పారు. ఓదార్చాలని, ఆ రేవు ఏనాడో పోయి ఉంటుందని, ఇప్పుడు అక్కడ కుండలూ లేవు పడవలూ లేవని అన్నాను.

"రేవు పోవుడు వేరు. అసలుకే లేకుండె అనుడు వేరు" అన్నారు ఆవిడ.

మిషినుకు ఎక్కేలోగా ఒక్కసారి ఆ గుడ్డ నా ముందు పెట్టు, రేవును రేవు జాగల పెట్టి వస్తానని అడిగారు. నేను వెంటనే సరేననలేదు. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు. ఆ రోజుల్లో ఆఫీసులో ఒక గుండుసూది జరిగినా అటువాళ్ళు ఇటువాళ్ళను, ఇటువాళ్ళు అటువాళ్ళను అనుమానించేవారు. ఒక ఆంధ్రా గుమాస్తా, ఎప్పుడో ఉద్యోగం మానిన తెలంగాణ ఆవిణ్ణి రికార్డుల గదిలోకి తీసుకెళ్ళి గోదావరిని దిద్దించాడంటే రెండు వైపులవాళ్ళూ కలిసి నన్ను తంతారు. ఆ ఒక్క విషయంలో ఐకమత్యం వచ్చేది. దొంగతనంగా చేసే ధైర్యం నాకు లేదు. అందుకని మా కొత్త ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఆఫీసరు చిన్న వయసు ఇంజనీరమ్మాయి. అంతా విని, గీత మీద గీత పెట్టడానికి వీల్లేదని, కావాలంటే అంచు బయట ఖాళీలో ఒక మాట రాసి సంతకం పెట్టొచ్చని అనుమతి ఇచ్చింది.

ఈ మాట అక్కకు చెబితే నీరుగారిపోయారు. గీత గీయకుండా రేవు ఎలా పెట్టాలని అడిగారు. మర్నాడు పొద్దున మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, సంచిలో పౌడరు డబ్బా, పాత కలం పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

రికార్డుల గదిలో పొడుగు బల్ల మీద ఆ రెండు షీట్లు పక్కపక్కన పరిచాను. మైనపు గుడ్డ తేనె రంగు తిరిగింది. కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుగు దాని మీద పడి నది తడిగా మెరిసినట్టు ఉంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, ముఖం గుడ్డకు ఆనేంత దగ్గరగా వంచి, ఎగువ షీటు తలనుంచి మొదలుపెట్టి నది వెంట మెల్లగా జరుగుతూ వచ్చారు. వేలి వెనక వైపుతో గీత పక్కనే నడిచారు, గీతను తాకకుండా. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు నిజంగా పడవ వెనక నడుస్తున్నట్టే అనిపించింది. అంచు దగ్గరకు వచ్చి ఆగారు.

"నా చెయ్యి గప్పుడు ఎంత సక్కగుండె చూడు. అబద్ధం గింత సక్కగ గీసిన" అన్నారు.

నిజమే. ఆ వంపు ఎంత బాగుందో నేను చెప్పలేను. అన్ని షీట్లలోకి అందమైన వంపు అదే.

ఆవిడ అంచు బయటి ఖాళీలో కాస్త పౌడరు చల్లారు, అరచేత్తో రుద్దారు, మిగిలింది నోటితో ఊదారు. కలం సిరాలో ముంచి గుడ్డ దాకా తెచ్చి ఆగారు. నన్ను పిలిచి బల్లను గట్టిగా పట్టుకోమన్నారు. బల్ల కదలడం లేదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. పట్టుకున్నాను. ఆవిడ ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశారు. "ఈ అంచులు కలవవు. రెండు కాలాల కొలతలు. కలిపింది నేను. ఇక్కడ కుమ్మరి రేవు ఉండెను." కింద సంతకం పెట్టారు. ఉండెను అన్న మాట దగ్గర సిరా కాస్త ముద్దయింది, పిల్లలు రాసినట్టు.

ఆఫీసరు వచ్చి చదివింది. పటం మీద మిగతాదంతా ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇది కూడా ఇంగ్లీషులో ఉంటే బాగుండేదేమోనమ్మా అని మెల్లగా అంది. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని, గీత ఇంగ్లీషులో గీయలేదు కద మేడం అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, అదే కలం తీసుకుని కింద తానూ సంతకం పెట్టింది.

వచ్చేముందు అక్క నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు. ఈ రెండు షీట్లనూ విడదీయొద్దు. ఒకటి ఇటు, ఒకటి అటు పోతే తన రాత ఎవరికీ అర్థం కాదు. నేను రెండింటినీ కలిపి చుట్టి, ఒకే గుడ్డలో, ఒకే తాడుతో కట్టాను. ఫోటోలు అయ్యాక ఆ కట్ట ఏ లారీ ఎక్కిందో నాకు తెలియదు. విడిపోలేదని మాత్రం తెలుసు, ముడి వేసింది నేనే కాబట్టి.

మర్నాడు పొద్దున పాలు తీసుకోవడానికి కిందికి దిగితే ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ముఖం తేటగా ఉంది. నేను అడగకముందే, పడవ వచ్చిందని చెప్పారు. పెద్ద పడవట. అందరూ కుండలు జాగ్రత్తగా దించి ఎక్కారట. ఒక్క కుండ కూడా పగలలేదట.

"మీరూ ఎక్కారా అక్కా?" అని అడిగాను.

"కాలు పెట్టిన తమ్మీ. జాగ లేదన్నరు. మళ్ల ట్రిప్పుకు రమ్మన్నరు" అని నవ్వారు. ఆవిడ నోరారా నవ్వగా నేను చూసింది అదే. పడవ ఎక్కాలన్న కోరిక ఆ మనిషికి అంత ఉందని కూడా నాకు అప్పుడే తెలిసింది. దసరా సెలవుల్లో రాజమండ్రి వెళ్దామా అంటే, ఈసారి అడ్డం చెప్పలేదు. నీళ్ళు నిండుగా ఉంటాయి, పోదాం అన్నారు. మా ఆవిడ అప్పుడే చీరల లెక్క మొదలుపెట్టింది.

దసరా దాకా ఆగలేదు. రాష్ట్రం వచ్చాక మొదటి వానల్లో, ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి లేవలేదు. కాప్రా నుంచి చెల్లెలి కూతురు వచ్చింది, వీధి వీధంతా వచ్చింది. ఆటపట్టించిన ఆడవాళ్ళే ఎక్కువ ఏడ్చారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి, అలమరలోంచి పౌడరు డబ్బా తెచ్చి, ఆవిడ అరచేతుల్లో కాస్త చల్లి రుద్దింది.

మొన్న ఉప్పల్లో వాన తెరిపిచ్చేసరికి చీకటి పడబోతోంది. చౌరస్తాలో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. డివైడరు పొడవునా జనం, సంచులు, గొడుగులు. ఎవరో ఒకామె మట్టికుండ కొనుక్కుని చంకనెత్తుకుని నిలబడి ఉంది. దూరాన నీళ్ళు చీల్చుకుంటూ మా బస్సు వచ్చింది, నెమ్మదిగా, కాస్త ఒరిగి. జనం ఎగబడ్డారు. కుండ ఎత్తుకున్నామెకు నేను దారి ఇచ్చాను. ఆమె ఎక్కాక నేను ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేసరికి కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జాగ లేదు పెద్దాయనా, దిగు. మళ్ల ట్రిప్పుకు రా."

మామూలుగా అయితే ఆ మాటకు నేను డిపో దాకా వినిపించేలా పోట్లాడేవాణ్ణి. కాలు వెనక్కి తీసుకుని, ప్యాంటు మడుచుకుని నీళ్ళలో నిలబడ్డాను. బస్సు నాచారం వైపు తిరిగిపోయిందాకా చూశాను. కోపం రాలేదు.